చిలక కొట్టని బుట్ట

పడుకున్నావా అమ్మలూ? కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. అటు కాదు, ఇటు తిరుగు. ఆఁ, ఇప్పుడు చెప్తాను. మధ్యలో ప్రశ్నలేశావంటే కథ అక్కడే ఆగిపోతుంది, తర్వాత నన్నని లాభం లేదు.

అనగనగా గోదాట్లో ఒక లంక. చుట్టూ నీళ్ళు, మధ్యలో ఊరు. ఊరి పేరు వెదురులంక. అక్కడికి వెళ్ళాలన్నా పడవే, అక్కణ్ణించి రావాలన్నా పడవే. ఆ లంకలో బుల్లెబ్బాయి అని ఒక రైతు ఉండేవాడు. పేరుకి బుల్లెబ్బాయే గానీ మనిషి ఆరడుగులు, నోట్లో ఎప్పుడూ చుట్ట. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది, కానీ పాపం అక్కణ్ణించి కిందికి దిగేది కాదు. ఆయన భార్య వరహాలమ్మ. ఈవిడకి కోపం రాదు, నవ్వొస్తుంది. మొగుడు ఏ పని మొదలుపెట్టినా ముందు కడుపారా నవ్వేసి, ఆ తర్వాత కొంగు బిగించి సాయం చేసేది.

వాళ్ళకి పదకొండు జామచెట్లు, ఒక గేదె, ఒక్కతే కూతురు. కూతురి పేరు అనంతలక్ష్మి. అందరూ అనంతం అనేవారు. ఆ పిల్లని ఏటికి అవతలి ఒడ్డున ఒక పెద్దింటికి ఇచ్చారు. మొగుడు మంచివాడు. అత్తగారు మాణిక్యాంబగారు కూడా మంచావిడే గానీ నోరు కాస్త పెద్దది. నలుగురూ వింటున్నారంటే ఇంకాస్త పెద్దదయ్యేది.

పోయినేడు ఏం జరిగిందంటే, బుల్లెబ్బాయి బుట్టెడు జామపళ్ళు నెత్తిన పెట్టుకుని కూతురింటికి వెళ్ళాడు. మాణిక్యాంబగారు అరుగు మీదే బుట్ట దింపించి, పైన కప్పిన గుడ్డ తీసింది. పై పండుకి చిల్లు. దాని కింద పండుకి చిల్లు. ఆ కింద దానికి రెండు చిల్లులు. చిలకలు ఒక్కదాన్నీ వదల్లేదు మరి. అప్పుడావిడ ఇరుగూ పొరుగూ వింటుండగా, "చిలకలు తినగా మిగిలినవి మాకు తెచ్చారా అన్నయ్యగారూ?" అంది.

గుమ్మంలో నించున్న అనంతం గబుక్కున తల దించేసుకుంది. అది చూసి బుల్లెబ్బాయికి ప్రాణం చివుక్కుమంది. మంచినీళ్ళైనా తాగకుండా పడవెక్కి ఇంటికొచ్చేశాడు. కూతురు నలుగురిలో తల దించుకుందే అని ఆయన బాధ. ఆ బాధ ఏడాది గడిచినా తగ్గలేదు.

ఇంక ఈ ఏడు సంగతి విను. అనంతం కడుపుతో ఉంది. ఏడో నెలలో సీమంతమన్నారు. పుట్టింటివాళ్ళు చీర, చలిమిడి, పళ్ళు పట్టుకెళ్ళాలి కదా. అంతలో పడవవాడి చేత అనంతం కబురు పంపింది, నాన్నా, మన చెట్టు జామపండు తినాలని ఉంది, వచ్చేటప్పుడు తీసుకురా అని. అప్పుడు బుల్లెబ్బాయి చెట్ల మధ్య నించుని వరహాలమ్మ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాడు. ఈసారి బుట్టలో ఒక్క పండుకి కూడా గాటుండకూడదు, నా కూతురు మళ్ళీ తల దించుకోకూడదు అని. సీమంతానికి ఇంకా నలభై రోజులుంది. చెట్ల నిండా పచ్చి కాయలున్నాయి.

ఆ లంక చిలకల సంగతి నీకు తెలీదు. ఒక్క పండు తీసుకుని, దాన్నే శుభ్రంగా తిని, కడుపు నింపుకుని పోతే ఎవరైనా కాదంటారా? అలా చెయ్యవు. దీనికొక గాటు, దానికొక గాటు పెట్టి, ఏదీ నచ్చనట్టు మొహం పెట్టి, ఇంకో కొమ్మ మీదికి పోతాయి. అన్నీ కెలికి వదిలేసే బుద్ధి. నువ్వు పొద్దున కంచంలో చేసిన పని లాంటిదే అనుకో.

మొదట బుల్లెబ్బాయి దిష్టిబొమ్మ పెట్టాడు. గడ్డి కుక్కి ఒళ్ళు చేశాడు. నల్లకుండ బోర్లించి తల చేశాడు. సున్నంతో మీసాలు దిద్దాడు. పాత చొక్కా తొడిగితే చిలకలు ఖాతరు చెయ్యవని, పండక్కి కుట్టించుకున్న తన గళ్ళచొక్కా తొడిగి తలపాగా కూడా చుట్టాడు. వరహాలమ్మ పొట్ట పట్టుకుని నవ్వి, తలపాగా కొంచెం పక్కకి సర్దింది.

ఆ మధ్యాహ్నం ఆవిడ అన్నం గిన్నె పట్టుకుని తోటకొచ్చింది. దూరం నించి గళ్ళచొక్కా కనిపించింది. అన్నానికి రమ్మని పిలిచింది. పలకలేదు. ఇంకోసారి పిలిచింది. పలకలేదు. మూడోసారీ పలక్కపోయేసరికి, ఓహో అలిగాడన్నమాట అనుకుంది. అప్పుడు మొదలుపెట్టింది చూడు. పెళ్ళినాడు తలంబ్రాలు కళ్ళల్లో పడేలా పోసిన దగ్గర్నించి, మొన్న పాలగిన్నె మీద మూత పెట్టకుండా పిల్లికి పెట్టిన దాకా, పాతికేళ్ళవన్నీ ఒక్కటీ వదలకుండా ఏకరువు పెట్టింది. దిష్టిబొమ్మ బుద్ధిగా విన్నది. వెనక చెట్టు చాటున కాయలు చూసుకుంటున్న బుల్లెబ్బాయి కూడా అంతా విన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ ఎదురుపడి, కాసేపు చెట్ల కేసి చూసి, ఏమీ జరగనట్టు కూర్చుని అన్నం తిన్నారు.

చిలకలు మాత్రం వరహాలమ్మలా మోసపోలేదు. మొదటిరోజు దూరంగా కూర్చుని చూశాయి. రెండోరోజు దగ్గరికొచ్చి చూశాయి. మూడోరోజు ఒక చిలక ఏకంగా తలపాగా మీదెక్కి, కాలితో కాయ పట్టుకుని, తీరుబడిగా తిని, గింజలన్నీ గళ్ళచొక్కా మీద ఉమ్మేసింది. ఆ చొక్కా మళ్ళీ బుల్లెబ్బాయి ఒంటికెక్కలేదు.

ఆ తర్వాత ఆయన డబ్బాలు కట్టాడు. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి ఖాళీ రేకుడబ్బాలు పోగుచేశాడు. రాళ్ళేసి కొమ్మలకి వేలాడదీసి, అన్నిటికీ కలిపి ఒకే తాడు కట్టాడు. తాడు లాగితే పదకొండు చెట్లూ ఒక్కసారే గలగలలాడతాయి. చిలకలు బెదిరి లేచిపోయేవి. కానీ పొద్దస్తమానం తాడు లాగేదెవరు? బుల్లెబ్బాయి ఒకరోజు లాగాడు. భుజం పట్టేసింది. వరహాలమ్మ ఒకరోజు లాగింది. ఇంట్లో వంట లేదు. మూడోరోజు బుల్లెబ్బాయికి గేదె కనిపించింది.

గేదె ఏం చేస్తుంది? ఈగలు తోలుకుంటూ రోజంతా తోక ఊపుతూనే ఉంటుంది కదా. ఉత్తినే ఊపే తోకకి పని చెప్తే పోలా అనుకుని, తాడు కొస తీసుకెళ్ళి గేదె తోకకి కట్టేశాడు. వరహాలమ్మ నవ్వింది గానీ, ఈసారి నవ్వులో కొంచెం భయం కూడా ఉంది. వద్దని చెప్పింది. ఆయన వింటేగా.

రెండు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. ఈగ వాలడం, తోక ఊగడం, డబ్బాలు మోగడం, చిలకలు పోవడం. బుల్లెబ్బాయి చెట్టు కింద తువ్వాలు పరుచుకుని హాయిగా పడుకునేవాడు. అలా ఉండగా మూడోరోజు ఒక జోరీగ వచ్చి గేదెని కసుక్కున కుట్టింది. గేదె ఉలిక్కిపడి తోక గట్టిగా విసిరింది. డబ్బాలన్నీ ఒక్కసారి ధణధణమన్నాయి. వెనకాల ఏంటా చప్పుడని గేదె బెదిరి పరిగెత్తింది. అది పరిగెత్తేకొద్దీ డబ్బాలు మోగాయి. డబ్బాలు మోగేకొద్దీ అది పరిగెత్తింది. గుంజా ఊడింది, కొమ్మలూ విరిగాయి, డబ్బాలన్నీ దాని వెనకాలే బయల్దేరాయి.

అలా ఊరి నడివీధిలోంచి పోయింది. ఏదో ఊరేగింపు వస్తోందనుకుని ఆడవాళ్ళు గుమ్మాల్లోకొచ్చి దణ్ణాలు పెట్టారు. ఒకావిడ హారతిపళ్ళెం కూడా తెచ్చింది. తెచ్చేసరికి గేదె వెళ్ళిపోయింది, వెనకాల తువ్వాలు పట్టుకుని రొప్పుతూ బుల్లెబ్బాయి వస్తున్నాడు. పళ్ళెంలో కర్పూరం వెలిగించేశాక ఏం చేస్తుంది పాపం, ఆయనకే హారతిచ్చింది. గేదె తిన్నగా వెళ్ళి గోదాట్లో దిగి, మెడ దాకా మునిగి నించుంది. సాయంత్రం దాకా ఎవరు పిలిచినా రాలేదు. మూడు రోజులు చుక్క పాలివ్వలేదు.

నవ్వింది చాలు, మంచం విరుగుతుంది. విను.

అప్పటికి ఇరవై రోజులే మిగిలాయి. కాయలు లేతపసుపు తిరుగుతున్నాయి. పొద్దున్నే వెళ్ళి చూస్తే ప్రతి కొమ్మకీ రెండు మూడు గాట్లు కొత్తగా కనిపించేవి. బుల్లెబ్బాయి చెట్టు మొదట్లో కూలబడి, నా వల్ల కాలేదే, మళ్ళీ దాన్ని నలుగురిలో నవ్వులపాలు చేస్తానే అన్నాడు. ఆ ఒక్కసారీ వరహాలమ్మ నవ్వలేదు. పక్కన కూర్చుని కాసేపు ఆలోచించింది.

"చిలకల్ని తోలడం మనవల్ల కాదు. కాయల్నే దాచేద్దాం" అంది.

అంతే, భార్యాభర్తలిద్దరూ సూదీ దారం పట్టుకుని కూర్చున్నారు. కాయకొక చిన్న సంచి కుట్టి, కాయకి తొడిగి, తొడిమ దగ్గర దారంతో కట్టేయడం. ముందు వరహాలమ్మ పాత చీరలు అయిపోయాయి. ఆ తర్వాత బుల్లెబ్బాయి పంచెలు అయిపోయాయి. ఇంకా రెండు చెట్లు మిగిలే ఉన్నాయి. అప్పుడు దోమతెర కోసేశారు. చిలకల బారి నించి కాయలు తప్పించుకున్నాయి గానీ, దోమల బారిన మొగుడూ పెళ్ళాలు పడ్డారు. సంచులు కుట్టి కుట్టి బుల్లెబ్బాయి వేళ్ళ నిండా సూది పొడుపులే. ఆరడుగుల మనిషి అరుగు మీద కూర్చుని జామకాయలకి చొక్కాలు కుడుతున్నాడని ఊరంతా వచ్చి చూసిపోయేవారు. కాయలకి సరే, లాగులెప్పుడు కుడతావని అడిగేవారు. ముక్కు మీద కోపాన్ని ముక్కు మీదే ఉంచుకుని ఆయన కుట్టుకుంటూ పోయాడు.

చిలకలు వచ్చాయి. చెట్టంతా సంచులే. ఒక చిలక సంచిని కొరికింది, నోటి నిండా దారం. ఇంకోటి సంచి మీదెక్కి గుచ్చి గుచ్చి చూసింది. మూడోది బుల్లెబ్బాయి కేసి చూసి గట్టిగా అరిచింది, తిట్టిందనే అనుకోవాలి. నాలుగు రోజులు చూసి, ఇంక ఈ తోటలో మర్యాద లేదనుకుని, అన్నీ కలిసి ఏరు దాటి వెళ్ళిపోయాయి. తోట నిశ్శబ్దమైపోయింది. చుట్టాలందరూ వెళ్ళిపోయిన మర్నాడు ఇల్లుంటుంది చూడు, అలా ఉంది.

సీమంతం రోజొచ్చింది. బుల్లెబ్బాయి సంచులు విప్పి, ఏరి ఏరి నూటొక్క పళ్ళు కోశాడు. తడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి బుట్టలో పేర్చాడు. పడవలో వరహాలమ్మ చీర, చలిమిడి పట్టుకుని కూర్చుంటే, ఆయన బుట్టని ఒళ్ళోంచి దించలేదు.

మాణిక్యాంబగారి అరుగు మీద ఊళ్ళోని ముత్తైదువలంతా ఉన్నారు. ఆవిడ బుట్ట మీది గుడ్డ తీసి పైపళ్ళు చూసింది. చిల్లు లేదు. చెయ్యి లోపలికి పెట్టి మధ్యపళ్ళు తీసింది. గాటు లేదు. అప్పుడు బుట్టంతా చాప మీద కుమ్మరించి ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూసింది. గోటి గీతైనా లేదు. పళ్ళంటే ఇలా ఉండాలి అన్నయ్యగారూ అంది. అన్నదే గానీ, ఆవిడ మొహం ఎందుకో కాస్త చిన్నబోయింది. బుల్లెబ్బాయి అదేం పట్టించుకోలేదు. మీసం దువ్వుకుని, అన్నిట్లోకీ పెద్ద పండు ఏరి కూతురి చేతిలో పెట్టాడు.

చేతినిండా గాజులతో కూర్చున్న అనంతం ఆ పండుని అటు తిప్పింది, ఇటు తిప్పింది, ఒళ్ళో పెట్టుకుంది. ఆ తర్వాత చాప మీది పళ్ళన్నీ కళ్ళతోనే వెతికింది. మెల్లిగా ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

బుల్లెబ్బాయి కంగారుపడి పక్కన చతికిలబడ్డాడు. "ఏమ్మా, బాలేవా?" అన్నాడు.

"బాగున్నాయి నాన్నా. చిలక కొట్టింది ఒక్కటైనా తేలేదేం?"

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. చిన్నప్పుడు ఆ పిల్ల చెట్టు మీది పండు కోసిస్తే తినేదే కాదు. చిలక కొట్టి కింద పడేసిందే ఏరుకుని, గౌనుకి తుడుచుకుని తినేది. ఏది తియ్యటిదో చిలకకే తెలుసనేది. పెళ్ళైపోయి నాలుగేళ్ళైంది, తండ్రి మర్చిపోయాడు.

మరి పోయినేడు తల దించుకున్నావు కదమ్మా అని గొణిగాడు. అనంతం అత్తగారి కేసి ఒకసారి చూసి, తండ్రి చెవిలో చెప్పింది. ఆ రోజు తల దించింది సిగ్గుతో కాదట, నవ్వాపుకోలేక. మాణిక్యాంబగారు చిల్లుపళ్ళని అరుగు మీద అంత మాటా అంటూనే, ఒక చేత్తో ఒక పండు కొంగులో దాచేసిందట. ఆయన అటు పడవెక్కాడో లేదో, ఇటు బుట్టని గదిలోకి పట్టుకెళ్ళి, తలుపేసుకుని మొత్తం తినేసిందట. అనంతానికి ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదట. ఏడాది నించీ మనసు దాని మీదే ఉందట.

చూశావా అమ్మలూ, ఒక్క మాట అడిగుంటే సరిపోయేది. అడగడు. మగాళ్ళంతే, గేదె తోకకి తాడు కట్టడానికి తోస్తుంది గానీ కూతుర్ని ఒక్క మాట అడగడానికి తోచదు.

ఇప్పుడు చిలక కొట్టిన పండు ఎక్కణ్ణించి తేవాలి? పదకొండు చెట్ల మీద వెతికినా ఒక్క గాటు దొరకదు, దొరక్కుండా తనే చేశాడు కదా. కడుపుతో ఉన్న పిల్ల అడిగింది లేదనడానికి ఆయనకి నోరు రాలేదు. చాప మీంచి మూడు పళ్ళు జేబులో వేసుకుని మెల్లిగా గడ్డివాము వెనక్కి పోయాడు. నోట్లో చుట్ట తీసి చెవి మీద పెట్టుకున్నాడు. ఒక పండు కొరికాడు. గాటు మరీ పెద్దదైపోయింది. అది తినేశాడు. రెండోది కొరికాడు. పళ్ళ వరస మొత్తం పడింది. అదీ తినేశాడు. మూడో పండుని, తన మూతి చిలక ముక్కులా సాగదీసి, ముందుపళ్ళ కొసతో అటొక నొక్కు, ఇటొక నొక్కు నొక్కి, చిన్న తొర్ర చేశాడు. దూరంగా పెట్టి చూసుకున్నాడు. అచ్చం చిలక పనే అనిపించింది.

అడుగున ఒకటి దొరికిందమ్మా అంటూ తెచ్చి కూతురికిచ్చాడు. అనంతం మొహం వెలిగిపోయింది. తొర్ర చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మన చిలకలు చుట్ట ఎప్పుడు మొదలెట్టాయి నాన్నా?" అంది.

వరహాలమ్మ నవ్వు ఏటి అవతలికి వినిపించే ఉంటుంది. అరుగు మీదున్న అందరికీ నవ్వే. బుల్లెబ్బాయి చెవులు ఎర్రబడిపోయాయి, చెవి మీది చుట్టతో సహా పారిపోదామనుకున్నాడు. కానీ అనంతం ఆ పండు పక్కన పెట్టలేదు. కన్నతండ్రి ఎంగిలి కూతురికి ఎంగిలేంటి? గింజలతో సహా, తొడిమ దాకా తినేసింది. ఇంత తియ్యటి పండు ఎప్పుడూ తినలేదంది. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నట్టు కళ్ళు తుడుచుకున్నాడు. బయల్దేరేటప్పుడు మాణిక్యాంబగారు పడవ దాకా వచ్చి, అటూ ఇటూ చూసి, మళ్ళీ వచ్చేటప్పుడు చిల్లులవి కూడా నాలుగు తెమ్మని, తనకోసం కాదని, చాలా చిన్న గొంతుతో చెప్పింది.

పదిరోజుల తర్వాత అనంతాన్ని పురిటికి తీసుకురావాలి. ఆ పదిరోజుల్లో చిలకలు రావాలి. బుల్లెబ్బాయి ఇంటికి రాగానే అన్నిట్లోకీ పెద్ద చెట్టుకి సంచులన్నీ విప్పేశాడు. మిగతా పదింటికీ ఉంచాడు, మరీ అంత మంచివాడేం కాదు. దిష్టిబొమ్మ పీకేశాడు. మూడు రోజులైనా చిలక రాలేదు. ఆరు రోజులైనా రాలేదు. అప్పుడాయన చెట్టు కింద నించుని, చిలకలా అరవడం మొదలుపెట్టాడు. నెల్లాళ్ళ క్రితం డబ్బాలు మోగించి తరిమిన మనిషి, ఇప్పుడు రండర్రా, రండమ్మా అని ఆకాశంలోకి చేతులూపి పిలుస్తుంటే, వరహాలమ్మ నవ్వలేక కూలబడింది. తొమ్మిదో రోజు సాయంత్రం ఒక్క చిలక వచ్చి, కొమ్మ చివర కూర్చుని, ఆయన్ని అనుమానంగా చూసి వెళ్ళిపోయింది.

పదోరోజు పొద్దున్న అనంతం పడవ దిగింది. నెమ్మదిగా తోటలోకొచ్చేసరికి పెద్దచెట్టు నిండా కీకీ మని గోల. పాతికకి తక్కువుండవు. బుల్లెబ్బాయి అరవకుండా, కదలకుండా, దొంగలా చెట్టు కింద నించుని ఉన్నాడు. అప్పుడే పైనించి ఒక పండు టప్పున పడింది. పక్కన చక్కటి తొర్ర. ఆయన గబగబా తీసి, తువ్వాలుకి తుడిచి, కూతురి చేతికిచ్చాడు.

అనంతం వెంటనే తినలేదు. ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇది చిలకే నాన్నా" అని, కొరుక్కుంది.

చిలక పోయె చెట్టుకి,
పడవ పోయె గట్టుకి,
కథ పోయె కంచికి,
నిద్దరొచ్చె కంటికి.